తెర వెనక కొలతలు

నేను ఒక దర్జీ టేపును. అరవై అంగుళాల ఒళ్ళు, రెండు చివరలా ఇత్తడి ముక్కలు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. మనుషులకు ఆ ఇబ్బంది లేదు.

బొబ్బిలిలో జగ్గయ్య అనే ముసలి దర్జీ నన్ను కొన్నాడు. ఆడపిల్లకు కొలతలు తీయాలంటే అరుగు మీదే, నలుగురూ చూస్తుండగా, నన్ను తల్లి చేతికిచ్చి తను దూరంగా నిలబడి అంకెలు రాసుకునేవాడు. ఆయన పోయాక కొట్టూ నేనూ మేనల్లుడు భాస్కరం పాలపడ్డాం. వాడు మూలన ఒక తెర కట్టాడు. పట్నం పద్ధతి అని వీధి వీధంతా మెచ్చుకుంది. చాక్లెట్లు పంచే మనిషి కాబట్టి పిల్లలందరికీ మావయ్య అయ్యాడు. తెర వెనక నా పని అయిపోయాక కూడా వాడి చెయ్యి పిల్లల మీదే ఉండేది. నాకు నోరుంటే వీధి దద్దరిల్లేలా అరిచేదాన్ని. ఒకరిద్దరు పిల్లలు లోపలికి రామని గుమ్మం దగ్గర ఏడిస్తే, మొండితనమని కన్నవాళ్ళే రెండు తగిలించి మరీ పంపారు.

ఒక జూన్‌లో మిల్లు పనికి వెళ్ళే పైడితల్లి, ఆరో తరగతికి వచ్చిన కూతురు నీరజను యూనిఫాం కోసం తీసుకొచ్చింది. నీరజ లోపలికి రాలేదు. పాత గౌనొకటి గుండెలకు హత్తుకుని అరుగు మీదే నిలబడిపోయింది.

"కొలతలొద్దమ్మా. కొలతకి ఈ గౌను ఆదిచ్చేద్దాం."

"ఎదిగే గుంటకి పాత ఆదేటమ్మా? పొట్టయిపోద్ది," అంటూ భాస్కరం నవ్వి తెర పక్కకు లాగాడు.

"పొట్టిదే ఏసుకుంటాను," అంది నీరజ.

పైడితల్లి తిట్టబోయి ఆగింది. నిరుడు ఇదే కొట్లో పొడుగు గౌను కావాలని పేచీ పెట్టిన పిల్ల ఇది. కూతురిని అరుగు చివరకు తీసుకెళ్ళి ఎదురుగా కూచుంది.

"మావయ్య నిన్నేటైనా సేసినాడా? సెప్పు. తిట్టను."

నీరజ వెక్కుతూ చెప్పింది. "ఎవులికైనా సెప్తే నాకే సెడ్డపేరన్నాడు. తప్పు నాదేనా అమ్మా?"

"నీది కాదే తల్లీ. సెప్పి మంచి పని సేసినావు."

పైడితల్లి లేచి వచ్చి భాస్కరం మెడలోంచి నన్ను ఒక్క గుంజు గుంజింది. వీధి పెద్దలు పోగయ్యారు. "ఆడపిల్ల యవ్వారం, పరువు పోద్ది. మనలో మనం తేల్చుకుందాం," అన్నారు.

"పోతే ఆడి పరువు పోద్ది. నా కూతురిదెందుకు పోద్ది?" అని వాళ్ళ ముందే పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చేసింది. మర్నాడు మామూలు చీరలో వచ్చిన మహిళా ఎస్సై పైడితల్లి ఇంట్లోనే పిల్ల మాట రాసుకుని, నన్ను సాక్ష్యంగా కవరులో పెట్టి సీలు వేసింది. వాడి మెడ కంటే ఆ కవరే నాకు గౌరవం.

విచారణ నాడు నన్ను కోర్టు బల్ల మీద పెట్టారు. అన్నాళ్ళూ పిల్ల ఎవరికీ ఎందుకు చెప్పలేదని భాస్కరం వకీలు జడ్జిగారి చేత అడిగించాడు. తల్లి పక్కన కూచున్న నీరజ తల దించలేదు.

"ఎవులూ అడగలేదండీ. అమ్మ అడిగింది, సెప్పినాను."