అరువు గొంతు

మందుల షాపులో ఆమె తలనొప్పి మాత్రలు అడిగితే, షాపాయన వాటితోపాటు దగ్గు మందు సీసా కూడా తీసి పెట్టాడు.

"ఇది నేను అడగలేదే?" అంది ఆమె.

"గొంతు బాగా పట్టేసినట్టుందమ్మా. టీవీలో ఎంత మెత్తగా మాట్లాడతారు! పడుకోబోయే ముందు రెండు చెంచాలు తాగండి."

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను గుర్తుపట్టి, "అయ్యో, పెద్దకోడలికి జలుబు చేసింది!" అని సొంతమనిషికి చేసినంతగా బాధపడ్డారు. ఆమె నవ్వి, అక్కర్లేని సీసాకు కూడా డబ్బిచ్చి బయటపడింది.

ఆమెకు జలుబూ లేదు, దగ్గూ లేదు. ఆమె గొంతే అంత. కాస్త బొంగురుగా, బరువుగా ఉంటుంది. సీరియల్లో పెద్దకోడలి వేషం కట్టి ఏడేళ్ళయింది. ముఖం ఆమెది, కన్నీళ్ళు ఆమెవి, మాట మాత్రం డబ్బింగ్ చెప్పే ఇంకొకామెది. మొదటిరోజే నిర్మాత తేల్చి చెప్పాడు. "కోడలంటే గొంతు మెత్తగా ఉండాలమ్మా. నీది పోలీసు గొంతు." యూనిట్ అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పాఠకులారా, మన ఆడపిల్లల్లో చాలామంది తమ దగ్గర్నుంచి మొట్టమొదట లాక్కున్నదాన్ని ఇలాగే నవ్వుతూ వదులుకుంటారు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అమ్మ, చెల్లెలు ఎదురెదురుగా ముఖాలు మాడ్చుకుని కూర్చుని ఉన్నారు. చెల్లెలు భర్త ఇంటినుంచి వచ్చి అప్పటికి వారమైంది. చెవి పక్కన కమిలిన మచ్చ చూసి అడిగితే మొదట జారిపడ్డానంది. మర్నాటికి నిజం చెప్పి ఏడ్చింది.

"మొగుడన్నాక ఒక మాట అంటాడు, ఒక దెబ్బ వేస్తాడు. సర్దుకుపోవాలి," అంటోంది అమ్మ. "మీ అక్కను చూసైనా నేర్చుకో. టీవీలో ఎంత ఓర్పు!"

"అమ్మా, అది వేషమే!"

"వేషమైతే మాత్రం? నలుగురూ మెచ్చుకుంటున్నారుగా."

ఆమె అమ్మ మీద కోప్పడలేదు. చెల్లెలి పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "శుక్రవారం ఎపిసోడ్ తప్పకుండా చూడు. అమ్మను కూడా కూర్చోబెట్టు."

కారణం ఉంది. అంతకుముందు రోజే ఆ సన్నివేశం తీశారు. చెయ్యి చేసుకున్న భర్త, పుట్టింట్లో ఉన్న పెద్దకోడలిని తీసుకెళ్ళడానికి వస్తాడు. ఆమె బంధువులందరి ఎదుటా తలెత్తి, "నేను రాను. నన్ను కొట్టిన చెయ్యి పట్టుకుని ఆ గడప తొక్కను," అంటుంది. ఏడేళ్ళలో అలాంటి మాట ఆమెకు రాసివ్వడం అదే మొదలు. ఆమె ఆ మాట అన్నప్పుడు లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కదల్లేదు. దర్శకుడు ఒక్క టేకుకే సరేనన్నాడు.

శుక్రవారం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. సన్నివేశం వచ్చింది. కానీ తెరమీద ఆమె ముఖం లేదు. ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. కెమెరా అంతా భర్త ముఖం మీదే ఉంది. ఆ వీపు వెనకనుంచి మెత్తని గొంతు పలికింది. "మీరు వచ్చి పిలవడమే చాలండీ. వస్తాను. ఆడదానికి ఆ గడప తప్ప వేరే దిక్కేముంది?"

అమ్మ కళ్ళు ఒత్తుకుంది. "అదీ మాటంటే! విన్నావుటే చిన్నదానా? రేపే అల్లుడికి ఫోన్ చేస్తాను."

చెల్లెలు టీవీ వైపు చూడడం లేదు. అక్కనే చూస్తోంది. "ఇది చూపించడానికేనా అక్కా, నన్ను కూర్చోబెట్టింది?"

"నేనన్నది అది కాదే!"

"ఎవరి గొంతైతేనేం, నీ నోటినుంచే వచ్చిందిగా?"

ఆమె లేచి టీవీ కట్టేసింది.

తెల్లవారగానే డబ్బింగ్ స్టూడియోకు వెళ్ళింది. గోడలకు మెత్తలు కొట్టిన చిన్నగదిలో, మైకు ముందు స్టూలు మీద కూర్చుని ఒక యాభై ఏళ్ళావిడ వేడినీళ్ళు తాగుతోంది. యూనిట్లో అందరూ ఆవిడను గొంతక్క అంటారు. పెద్దకోడలి గొంతు ఆవిడదే.

"తిట్టడానికే వచ్చావని తెలుసు, తిట్టు," అంది గొంతక్క. "బొమ్మలో నీ పెదవులు రాను అంటున్నాయి. నాకిచ్చిన కాగితంలో వస్తాను అని ఉంది. ఇదేమిటని అడిగాను. కోడలు ఎదురు తిరిగితే ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చూడరట. పెదవులు కనబడని షాట్ వేసుకుంటాం, నువ్వు చదివెయ్ అన్నారు. చదివేశాను."

ఆమె తిట్టలేదు. ఇంట్లో జరిగిందంతా చెప్పింది.

గొంతక్క గ్లాసు కింద పెట్టింది. "నేనూ వేషాల కోసమే వచ్చానమ్మా ఈ పనిలోకి. నీ మొహం పనికిరాదు, గొంతిచ్చి పొమ్మన్నారు. నీకేమో గొంతు పనికిరాదు, మొహమిచ్చి పొమ్మన్నారు. మనిద్దర్నీ చెరిసగం కోసి, వాళ్ళకు నచ్చిన ఆడదాన్ని కుట్టుకున్నారు. పద, ఆయన దగ్గరికి పోదాం."

నిర్మాత మర్యాదగానే కూర్చోమన్నాడు. ఆ సన్నివేశాన్ని తన మాటతో, తన గొంతుతోనే మళ్ళీ వెయ్యకపోతే మానేస్తానని ఆమె చెబితే నవ్వాడు. "సీరియల్లో మొహాలు మారడం కొత్తా? సోమవారం నుంచి పెద్దకోడలిగా వేరే అమ్మాయి వస్తుంది. గొంతు అదే కాబట్టి జనం ఇట్టే అలవాటు పడతారు."

"ఆ గొంతు కూడా రాదండీ," అంది గొంతక్క.

ఆయన అప్పుడే ఆవిడను చూసినట్టు చూశాడు. "మధ్యలో నీకేంటమ్మా?"

"మధ్యలో కాదండీ, ఏడేళ్ళుగా లోపలే ఉన్నాను. మొహం మారిస్తే గొంతుతో అతికిస్తారు, గొంతు మారిస్తే మొహంతో అతికిస్తారు. రెండూ ఒక్కరోజే లేచిపోతే దేంతో అతికిస్తారు?"

ఆయన నీళ్ళు నమిలాడు, అరిచాడు, బతిమాలాడు. చివరకు ఆమె వైపు తిరిగాడు. "నీ గొంతు వింటే జనం నవ్వుతారు, తెలుసా?"

"నవ్వనివ్వండి. నన్ను చూసి నవ్వుతారు, అంతేగా! నేను అనని మాటకు ఏడవడం కన్నా అదే నయం."

ప్రతి ఎపిసోడూ దాని ముందు ఎపిసోడ్ చివరి సన్నివేశంతోనే మొదలవుతుంది కనుక, సోమవారం ఆ సన్నివేశాన్ని తీసింది తీసినట్టు వెయ్యడానికి ఆయన ఒప్పుకోక తప్పలేదు. మైకుకు ఎంత దూరంలో నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గొంతక్క పక్కనుండి నేర్పింది. "అరవకు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు," అంది. ఆమె అలాగే మాట్లాడింది.

సోమవారం కొందరు నవ్విన మాట నిజం. కోడలి బదులు మగవాడెవరో మాట్లాడాడని ఫోన్లు చేసినవాళ్ళూ ఉన్నారు. ఆ మాట మళ్ళీ ఒకసారి వేయమని అడిగిన ఆడవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళకు పెద్దకోడలిని కథలోనే కారు ప్రమాదంలో చంపేశారు. గొంతక్కను కొన్నాళ్ళు ఎవరూ పనికి పిలవలేదు. పెద్దకోడలిగా చేసిన ఆమెకు కూడా ఆ తర్వాత వేషాలు తగ్గాయి. కానీ ఒప్పుకున్న ప్రతి వేషానికీ, నా మాట నేనే చెప్పుకుంటానని ముందే చెప్పి మరీ ఒప్పుకుంది.

అవన్నీ తరువాతి సంగతులు. ఆ వారంలోనే చెల్లెలి భర్త వచ్చాడు. అమ్మ ఫోన్ చేసింది మరి. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "నడు, ఆలస్యమవుతోంది," అన్నాడు చెల్లెలితో.

ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. "చూడండి, మా చెల్లెలు..."

చెల్లెలు ఆమె చెయ్యి పట్టి ఆపింది. "నువ్వు చెప్పకక్కా. నేను చెప్తాను."

ఆ అమ్మాయి గొంతు సన్నగా వణుకుతోంది. మధ్యలో ఒకసారి తెగిపోయింది కూడా. అయినా అతని కళ్ళల్లోకి చూసి చెప్పింది. "నేను రాను. మీరు వెళ్ళండి."

అమ్మ ఏదో అనబోయింది. పెద్దకూతురు తన నోటిమీద వేలుంచి ఆపింది. తాను కూడా పెదవి విప్పలేదు. ఏడేళ్ళుగా తన నోటిలో ఇతరుల మాటలు మోసిన మనిషి కనుక, ఆ క్షణంలో ఎంత మంచి మాటైనా చెల్లెలి నోట పెట్టకూడదని ఆమెకు తెలిసింది. ఆడది మాట్లాడుతున్నప్పుడు ఆమె గొంతు బాగుందా లేదా అని చూడకండి. ఆమె మాట ఆమెనే చెప్పనివ్వండి, చెప్పిన మాటను చెప్పినట్టే వినండి.