మూఢానికి ముందు ఒక్క ఫోటో

బందరు నుంచి గుడివాడ వెళ్ళే దారిలో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో లిఖిత లెక్చరర్‌గా చేరి ఇంకా ఏడాది కాలేదు. అడ్మిషన్లు మొదలయ్యే లోపు కాలేజీ మొత్తాన్ని ఫోన్లోనే తిప్పి చూపించే టూర్ ఒకటి తయారు చేయాలని పైవాళ్ళు అనుకున్నారు. ఏ గదిని ఎప్పుడు ఫోటో తీయాలో కుదిర్చే పని లిఖిత నెత్తిన పడింది.

మెకానికల్ వాళ్ళు వర్క్‌షాపు గోడల రంగు ఆరాక రమ్మన్నారు. హాస్టల్ వార్డెన్ భానుమతి గారు ఆదివారం మాత్రం వద్దన్నారు, ఆ రోజు వరండా నిండా ఉతికిన బట్టలేనట. అందరినీ బుజ్జగించి ఒక వరసలో పెట్టేసరికి ఫోటోగ్రాఫర్ జాషువా దొరకలేదు. అతను పెళ్ళిళ్ళు తీస్తాడు. నలుదిక్కులూ ఒకేసారి పట్టే కెమెరా ఆ చుట్టుపక్కల అతని దగ్గరే ఉంది.

"ముహూర్తాల్లో నాకు ఊపిరాడదు మేడమ్. ఎల్లుండి నుంచి మూఢం. పెళ్ళిళ్ళుండవు. అప్పుడు మీ కాలేజీలోనే కాపురం పెడతా," అన్నాడు ఫోన్లో.

ఆ మాట లిఖిత సంబరంగా మోసుకెళ్ళి ప్రిన్సిపాల్ నరసింహారావు గారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అడ్మిషన్ల పని మూఢంలో మొదలుపెడతామా అమ్మా?"

"ఫోటోలే కదండీ."

"ఏదైతేనేం, మొదలు మొదలే."

సాయంత్రం ముదినేపల్లి బస్సులో చేపల చెరువుల వంక చూస్తూ కూర్చున్న లిఖితకి తట్టింది. ఆయన బాధంతా మొదలుపెట్టడం గురించేగా! వెంటనే ఫోన్ చేసింది.

"సార్, రేపు పొద్దున్నే గేటు ఫోటో ఒక్కటి తీయించేద్దాం. ఆ తర్వాత తీసేవన్నీ కొనసాగింపే కదండీ."

అవతల పంచాంగం పేజీలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"కొబ్బరికాయ నేను తెస్తాను," అన్నారాయన.

జాషువా చల్లపల్లిలో రాత్రి పెళ్ళి ముగించుకుని ఎకాయెకి వచ్చాడు. జుట్టులో అక్షింతలు ఇంకా అలాగే ఉన్నాయి. గేటు లోపల స్టాండు నిలబెట్టాడు. ప్రిన్సిపాల్ గారు ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో వచ్చి కొబ్బరికాయ కొట్టారు.

"ఇక అందరూ దాక్కోవాలి సార్. ఈ కెమెరాకి వెనకా ముందూ లేదు. ఎక్కడ నిలబడ్డా పడతారు."

లిఖిత, జాషువా వాచ్‌మన్ గదిలోకి దూరారు. ప్రిన్సిపాల్ గారు రెండు చెక్కలూ పట్టుకుని, ఆగి ఉన్న కాలేజీ బస్సు వెనక్కి పరిగెత్తి గొంతుక్కూర్చున్నారు. జాషువా ఫోన్లో మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే డ్రైవర్ నాంచారయ్య, పిల్లల్ని తేవడానికి టైమైపోతోందని బస్సు కదిలించాడు.

జాషువా పెడనలో ఇంకో పెళ్ళికి పరుగు తీశాడు. మధ్యాహ్నానికి ఫోటో పంపించాడు. లిఖిత దాన్ని కంప్యూటర్లో తెరిచి మెల్లగా తిప్పింది. గేటు, పూలమొక్కలు, శుభ్రమైన ఆకాశం. ఇంకొంచెం తిప్పితే ఖాళీ మైదానంలో ప్రిన్సిపాల్ గారు, గుండెలకి కొబ్బరి చెక్కలు హత్తుకుని, వెళ్ళిపోతున్న బస్సు వైపు నోరు తెరిచి చూస్తూ.

పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక భయం వేసింది. అయినా తీసుకెళ్ళి చూపించింది.

"మళ్ళీ తీయించమ్మా," అన్నారాయన, చెవులు ఎర్రబడుతుండగా.

"జాషువా వచ్చేసరికి మూఢం వచ్చేస్తుంది సార్."

"పోనీ నన్ను చెరిపేయలేడా?"

"చెరిపేస్తాడట. మీతోపాటు కొబ్బరికాయా పోతుందండీ."

ఆయన తెర వంక చాలాసేపు చూశారు. "కొబ్బరికాయ పోకూడదు," అన్నారు చివరికి. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. ఆ గదిలో ఆయన అలా నవ్వగా లిఖిత ఎప్పుడూ వినలేదు.

మూఢం వచ్చింది. జాషువా మాట నిలబెట్టుకున్నాడు. లైబ్రరీ వంతు వచ్చిన రోజు కెమెరా సర్దుతుంటే తలుపు దగ్గర ప్రిన్సిపాల్ గారు, మళ్ళీ తెల్ల చొక్కాలో.

"ఇక్కడ నేనెక్కడ దాక్కోవాలమ్మా?"

లిఖిత పుస్తకాల బీరువాల మధ్య సందు చూపించింది. ఆయన బుద్ధిగా వెళ్ళి నిలబడ్డారు. జాషువా మీట నొక్కబోతుండగా ఒక తెల్లటి భుజం మెల్లగా బయటికి జరిగింది.