పిల్లి లేని పడవ

త్వాన్‌కీ ఆయన భార్య థోమ్‌కీ మాటల్లేక ఎనిమిది నెలలైంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే దోమతెర. మాటలు మాత్రం లేవు. ఏదైనా చెప్పక తప్పనప్పుడు ఇద్దరూ పిల్లికి చెప్పేవారు. "ఒసే పిల్లీ, అన్నం చల్లారిపోతోందని చెప్పవే," అని ఆవిడ అనేది. "గ్యాస్ అయిపోవచ్చిందని చెప్పు," అని ఈయన అనేవాడు. పిల్లి ఎవరికీ ఏమీ చెప్పేది కాదు గానీ, పనులు జరిగిపోయేవి. కొత్త సంవత్సరం తేత్ పండగ కూడా అలాగే వెళ్ళిపోయింది.

గొడవకి కారణం చెప్పుకుంటే చిన్నదే. హైఫాంగ్‌లో వాళ్ళ సందు మొగలో థోమ్ చాలా ఏళ్ళుగా పీతల సేమ్యా అమ్ముతోంది. పొలం పీతల్ని రోట్లో దంచి, వడకట్టి, సన్నని సెగ మీద కాచిన చారు, అందులో వెడల్పాటి ఎర్ర సేమ్యా. పోయిన ఏడాది మేనకోడలి పెళ్ళి విందులో, రెండో బీరు తరవాత, రైలు గేటు దగ్గర కొత్తగా పెట్టిన కొట్టులో చారు తన భార్య చారు కంటే ఒక పిసరు బాగుందని త్వాన్ అన్నాడు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో థోమ్ చెల్లెలు కూడా ఉంది. థోమ్ అప్పుడు ఏమీ అనలేదు. ఆ తరవాతా ఏమీ అనలేదు.

రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందని త్వాన్ అనుకున్నాడు. వారం దాటేసరికి ఆయనకీ రోషం వచ్చింది. తను అబద్ధమేమీ ఆడలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో రాయి నలగ్గొట్టే మర దగ్గర బతుకంతా పనిచేసిన మనిషి. ఆ చప్పుడులో మాట్లాడటం కుదరదు. అందుకని ఎప్పుడైనా మాట్లాడే ఆ నాలుగు మాటలూ నిజమై ఉండాలని ఆయన పట్టుదల.

ఇలా ఉండగా వాళ్ళ కూతురు మియెన్‌కి ఆఫీసు లాటరీలో బహుమతి తగిలింది. లాన్ హా అఖాతంలో ఒక పగలూ ఒక రాత్రీ పడవలో విహారం, ఇద్దరికి. ఆ అమ్మాయి తెలివిగా అమ్మానాన్నల్ని విడివిడిగా అడిగింది. థోమ్ ఎలాగూ రాదు కదా అని త్వాన్ సరేనన్నాడు. త్వాన్ ఎలాగూ కదలడు కదా అని థోమ్ సరేనంది. ఇద్దరూ రేవులో కలుసుకున్నారు. అప్పటికే సంచులు పడవెక్కేశాయి.

మూడంతస్తుల తెల్ల పడవ. ప్రయాణికులంతా దూరదేశాల వాళ్ళు. వియత్నాం వాళ్ళు వీళ్ళిద్దరూ, పడవ మీద పనిచేసేవాళ్ళూ, అంతే. గైడ్ పేరు లువా. ముప్ఫై దాటిన చురుకైన మనిషి, గొంతు పెద్దది. వాళ్ళిద్దర్నీ గదికి తీసుకెళ్ళి, "పెళ్ళిరోజట కదా పెద్దనాన్నా! మియెన్ ఫోన్ చేసి చెప్పింది," అని తలుపు తీసింది. మంచం ఒక్కటే. దాని మీద గులాబీ రేకులు గుండె ఆకారంలో చల్లి ఉన్నాయి. తువ్వాళ్ళతో మడిచిన రెండు హంసలు మూతులు ఆనించుకుని కూర్చున్నాయి. పెళ్ళిరోజు ఇంకా ఐదు నెలలుంది. త్వాన్ ఒక హంసని విప్పి మొహం తుడుచుకున్నాడు. రెండో హంస ఎటో చూస్తూ మిగిలిపోయింది.

థోమ్ గదంతా కలియజూసింది. మంచం కింద కూడా చూసింది. పిల్లి లేదు.

"అమ్మా లువా, కిటికీ తలుపు తీయమని ఆ పెద్దమనిషికి చెప్పు," అంది చివరికి.

లువా త్వాన్ వైపు చూసింది. ఆయన రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. "పెద్దనాన్నా, కిటికీ తీయమంటోంది పెద్దమ్మ."

"గాలి చల్లగా ఉందని చెప్పు."

"గాలి చల్లగా ఉందట పెద్దమ్మా."

"ఒక శాలువా తెచ్చుకోవాల్సింది అని చెప్పు."

లువా పదకొండేళ్ళుగా గైడ్ పని చేస్తోంది. ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ కొరియావాళ్ళకీ మాటలు అందించింది. వియత్నాం మాటని వియత్నాం మాటలోకి మార్చడం మాత్రం ఇదే మొదలు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చేపల సాసు ఇటివ్వమని, ఆ రొయ్య నీదో నాదో అడగమని, ఉప్పెక్కువైందని, ఎవరూ నిన్ను తినమనలేదని అటూ ఇటూ చేరవేసి చేరవేసి ఆవిడ అన్నం చల్లారిపోయింది.

పడవ కొండల మధ్యకి చేరింది. ఆకుపచ్చ నీళ్ళలోంచి రాతి కొండలు ఒకదాని వెనక ఒకటి నిట్టనిలువునా లేచి ఉన్నాయి. పైన చెట్లు, కింద అలలు తినేసిన నడుము. ప్రయాణికులు ఫోన్లెత్తి పట్టుకుని వావ్ వావ్ అంటున్నారు. త్వాన్ పడవ అంచున కమ్మీల దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. పక్కనున్న ముసలి విదేశీయుడు బొటనవేలెత్తి చూపించి నవ్వాడు.

"మంచి రాయి," అన్నాడు త్వాన్. "మట్టి కలవలేదు. ఆ చిన్న కొండొక్కటి చాలు, మా ఫ్యాక్టరీ రెండేళ్ళు ఆడుతుంది."

ఆ విదేశీయుడికి అర్థం కాలేదు. బొటనవేలు మాత్రం దించలేదు.

సాయంత్రానికి పడవ ఒక కొండ పక్కన లంగరేసింది. ఆ కొండ అడుగున ఒక సొరంగం ఉంది. అందులోంచి వెళితే లోపల చుట్టూ గోడలా కొండలున్న మడుగొకటి వస్తుంది. లువా అందర్నీ కయాక్‌లు ఎక్కించింది. ప్లాస్టిక్ పడవలు, ముందొకరు వెనకొకరు.

"అమ్మా, నన్ను నీ దాంట్లో ఎక్కించుకో," అంది థోమ్.

"మొగుడూ పెళ్ళాలు ఒకే కయాక్ పెద్దమ్మా. రూలు," అంది లువా. అలాంటి రూలేమీ లేదు. ఆవిడ గొంతు నొప్పిగా ఉంది. "జాగ్రత్తగా వినండి. పోటు మొదలైంది. ఈ నీళ్ళు రోజుకి ఒక్కసారే లేస్తాయి, లేస్తే అర్ధరాత్రి దాటేదాకా ఆగవు. లోపల కాసేపు చూసి, నేను పిలవగానే వచ్చేయాలి."

థోమ్ ముందు కూర్చుంది, త్వాన్ వెనక. కయాక్ నడవాలంటే ఇద్దరి తెడ్లూ కలవాలి, కలవాలంటే ఎవరో ఒకరు ఒకటీ రెండూ అనాలి. ఎవరూ అనలేదు. సొరంగం గోడలకి అటూ ఇటూ తగులుకుంటూనే లోపలికి చేరారు.

మడుగు నిశ్శబ్దంగా ఉంది. గోడ మీద కోతులు కొన్ని కూర్చుని, వచ్చినవాళ్ళని ఏ ఆసక్తీ లేకుండా చూస్తున్నాయి. ఒక కోతి పిల్ల తల్లి తోక పట్టుకుని వేలాడుతోంది. థోమ్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. త్వాన్ రాయిని చూస్తూ ఉండిపోయాడు.

"పదండి! పదండి!" లువా పిలిచింది.

ఇద్దరూ విన్నారు. పడవ మళ్ళించేది వెనక కూర్చున్నవాడే కాబట్టి ఆయనే మళ్ళిస్తాడని థోమ్ ఊరుకుంది. ఆవిడ ఇంకా కోతిని చూస్తోంది కాబట్టి చూడటం అయ్యాక తెడ్డెత్తుతుందని త్వాన్ ఊరుకున్నాడు. మిగతా కయాక్‌లు వరసగా సొరంగంలోకి వెళ్ళిపోయాయి. వీళ్ళు వెనకే వస్తున్నారనుకుని లువా కూడా వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇద్దరూ ఒకేసారి తెడ్లేశారు, ఒకరు కుడికి, ఒకరు ఎడమకి. కయాక్ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. సొరంగం దగ్గరికి వచ్చేసరికి దాని నోరు సగం మూసుకుపోయి ఉంది.

త్వాన్ మొండిగా లోపలికి తోశాడు.

"తల!" అని అరిచింది థోమ్.

ఒక్క క్షణం ఆలస్యమైంది. పైనుంచి దిగిన సున్నపురాయి కొస ఆయన నుదుటికి తగిలింది.

"చూశాను," అన్నాడు త్వాన్, నుదురు పట్టుకుని.

"చూస్తే ఎందుకు గుద్దుకున్నావ్?"

కయాక్ నెమ్మదిగా వెనక్కి మడుగులోకి తేలివచ్చింది. అవతలి నుంచి లువా గొంతు సొరంగంలో బోలుగా మోగింది. "పెద్దనాన్నా! పెద్దమ్మా! లోపలే ఉండిపోయారా? ఇప్పుడే వచ్చేయండి! పడుకుని రండి, చేతులతో పైకప్పుని తోసుకుంటూ! ఇంకాసేపైతే దారి ఉండదు!"

థోమ్ కయాక్‌లోనే వెనక్కి తిరిగి మొగుడి మొహం చూసింది. నుదుటి మీంచి సన్నగా రక్తం కారుతోంది. మెడలోని గుడ్డ తీసి, నీళ్ళలో ముంచబోయి, ఉప్పు నీళ్ళని గుర్తొచ్చి పొడిగానే అద్దింది. మరీ మెత్తగా ఏమీ అద్దలేదు.

"మియెన్ వాళ్ళ నాన్నా, ఒక్క మాట చెప్పు. నిజంగా బాగుందా ఆ చారు?"

త్వాన్ సొరంగం వైపు చూశాడు. నోరు ఇంకాస్త చిన్నదైంది. ఇప్పుడు కాదనేస్తే పని అయిపోతుంది. ఆయన కోతుల వైపు కూడా చూశాడు. అవేమీ సాయం చేయలేదు.

"బాగుంది," అన్నాడు.

"నాకు తెలుసు," అంది థోమ్. "మూడుసార్లు వెళ్ళి తిన్నాను. టోపీ పెట్టుకుని, మాస్కు వేసుకుని. రుచి కోసం చారులో ఎండు సముద్రపు పురుగులు వేయించి వేస్తున్నాడు వెధవ."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు..."

"బాగుందన్నందుకు కాదు. మా చెల్లెలి ముందు అన్నందుకు. చిన్నప్పటి నుంచీ దానికి అన్నీ నాకంటే బాగా వచ్చు. చదువొచ్చు, పాటొచ్చు, మోటారుసైకిలొచ్చు. నాకు వచ్చింది అదొక్కటే, చారు. ఆ రోజు అది నీ మాట విని, తల వంచుకుని, అన్నం గిన్నెలోకి నవ్వింది. నువ్వు చూళ్ళేదు. నేను చూశాను."

"పెద్దనాన్నా!" లువా గొంతులో ఏడుపు మొదలైంది. "దణ్ణం పెడతాను! రండి!"

"ఒక్క నిమిషం ఆగమ్మా!" అని అరిచాడు త్వాన్. "మాట్లాడుకుంటున్నాం!"



త్వాన్ తన జీవితంలో ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకున్నవాడు కాడు. మర దగ్గర ఆ అవసరం రాలేదు. ఇప్పుడు ఎలా మొదలెట్టాలో తెలియలేదు. తెడ్డుతో నీళ్ళని ఒకసారి అటూ ఒకసారి ఇటూ కదిపాడు.

"మీ చెల్లెలు నవ్వుతుందని తెలిస్తే ఆ మాట అనేవాణ్ణి కాదు," అన్నాడు. తెడ్డు ఆపి, "అసలు ఆ రోజు అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ఉండాల్సింది," అంది థోమ్. "సరే, పడుకో."

ఆయన వెనక్కి వాలాడు. ఆవిడ ఆయన ఛాతీ మీద తలపెట్టి వెల్లకిలా పడుకుంది. తెడ్లు పక్కన ఇరికించి, ఇద్దరూ నాలుగు చేతులు పైకెత్తి కప్పుకి ఆనించారు. కప్పు ముక్కులకి జానెడు దూరంలో ఉంది. చీకటి. రాతికి అతుక్కున్న ఆలిచిప్పలు అరచేతుల్ని కోస్తున్నాయి. నీళ్ళు కయాక్ అంచు మీద నాలిక చాపినట్టు చప్పుడు చేస్తున్నాయి. త్వాన్ గుండె గబగబా కొట్టుకోవడం థోమ్ చెవికి వినిపించింది.

"భయంగా ఉందా?" అంది.

"లేదు," అన్నాడు. తరవాత, "ఉంది," అన్నాడు.

"నాకూ ఉంది. ఒకటి అన్నప్పుడు తొయ్యి. ఒకటి... ఒకటి... రెండని ఎందుకు తోశావ్? నేను రెండన్లేదుగా!"

ఒకచోట కయాక్ ముందు కొస రాయికి పట్టేసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, ఒళ్ళు సన్నం చేసుకుని, మెల్లగా పక్కకి జరిపారు. పట్టు వదిలింది. ఇంకో రెండు తోపులకి పైన కప్పు పోయి ఆకాశం వచ్చింది.

లువా తన కయాక్‌లో కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉంది. వాళ్ళని చూసి ఒక్కసారి బావురుమంది. తరవాత తిట్టింది. పదకొండేళ్ళలో తనకి ఇలాంటివాళ్ళు తగల్లేదంది. థోమ్ ఓపిగ్గా అంతా విని, "ఏడవకమ్మా. ఇప్పుడేమైంది? మేం మాట్లాడుకోవడం అయిపోయింది," అని సర్ది చెప్పింది.

రాత్రి భోజనానికి త్వాన్ నుదుటి మీద ప్లాస్టరుతో, ఇద్దరూ అరచేతులకి కట్లతో వచ్చారు. చెంచాలు పట్టుకోవడం కష్టమై ఒకరి గిన్నెలోకి ఒకరు కూరలు ఒంపుకున్నారు. పక్క బల్ల మీది విదేశీ ఆవిడ అది చూసి కళ్ళు తుడుచుకుని, వాళ్ళ ఆయన్ని మోచేత్తో పొడిచింది. ముందు ఎవరు మాట్లాడారన్న సంగతి అప్పుడే వచ్చింది. థోమ్ మాట్లాడింది అన్నాడు త్వాన్. "తల" అన్నది మాట కాదు, హెచ్చరిక, అలా అయితే లారీ హారను కూడా మాటే అంది థోమ్. మొదటి మాట త్వాన్‌దే, "చూశాను" అన్నది అని ఆవిడ వాదన. లువాని తీర్పు చెప్పమన్నారు. ఆవిడ పళ్ళెం తీసుకుని పై అంతస్తుకి వెళ్ళిపోయింది.

తెల్లవారేసరికి మంచు కమ్మింది. సూర్యోదయం చూద్దామని థోమ్ మొగుణ్ణి లేపి పైకి తీసుకొచ్చింది గానీ, సూర్యుడు రాలేదు. కొండలు కూడా సగమే ఉన్నాయి. ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరికి లాక్కుని టీ తాగారు. లంగరు గొలుసు గరగరమంటూ పైకి లేస్తోంది.

"నీకు తెలుసా," అంది థోమ్, "మన పక్కింటి సైకిల్ షాపాయన పోయాడు. మార్చిలో."

"తెలుసు. అంత్యక్రియలకి వచ్చాను కదా. నీ పక్కనే నిలబడ్డాను."

"అవునా?" ఆవిడ టీ ఒక గుక్క తాగింది. "అయినా ఎలా పోయాడో నేను చెప్పలేదుగా. విను."

త్వాన్ కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాడు. ఆవిడ మొదలుపెట్టింది.