మంగళవారం టీచర్

సెప్టెంబరు పద్నాలుగు, మంగళవారం ఉదయం పది గంటలకు పాసో దెల్ మోల్యే ఊరి బడిలో తెర వెలగలేదు. తెరను కెమెరాకు కలిపే వైరు కనిపించలేదు. అది ఎల్బియా తెచేరా వేసుకున్న తెల్లకోటు జేబులో ఉంది.

ఆ బడికి ఎల్బియా ఒక్కతే పంతులమ్మ. ఒకటి నుంచి ఆరు వరకు తరగతులన్నీ ఒకే గదిలో నడుస్తాయి. అన్నీ ఆమే చెబుతుంది, ఇంగ్లీషు తప్ప. ఇంగ్లీషు ఆమెకు రాదు. అందుకని మంగళవారం మంగళవారం హిమేనా అనే ఆవిడ రాజధాని మొంతెవిదేయోలో కెమెరా ముందు కూర్చుని, ఇక్కడి తెరమీద పాఠం చెబుతుంది. మిగతా రోజుల్లో ఆ పాఠాన్నే ఎల్బియా పిల్లలతో వల్లె వేయిస్తుంది. పిల్లలు ఎల్బియాను మాయెస్త్రా, అంటే పంతులమ్మ, అని పిలుస్తారు. తెరమీది ఆవిడను టీచర్ అంటారు.

"మాయెస్త్రా, వైరు లేదు!" అని అరిచింది దయానా.

దయానా పింతోస్ ఆరో తరగతి. తెర పెట్టడం, వైర్లు కలపడం, చివర్లో అన్నీ విప్పి పెట్టెలో సర్దడం ఆ పిల్ల పని. ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

"వెతకండి" అంది ఎల్బియా.

పిల్లలు చలి కాచుకునే పొయ్యి వెనక చూశారు. పటాల పెట్టె బోర్లించారు. వైరు దొరకలేదు.

"తీసేది నువ్వే, పెట్టేది నువ్వే. ఎక్కడ పడేశావ్?" అన్నాడు ఐదో తరగతి మైకోల్.

"పెట్టెలోనే పెట్టాను."

"పెడితే దానికి కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"మైకోల్, కూర్చో" అంది ఎల్బియా. "ఇవాళ ఇంగ్లీషు లేదు. లెక్కల పుస్తకాలు తీయండి."

హిమేనాకు ఫోన్ చేసి, వైరు కనిపించడం లేదని చెప్పింది.

దయానాకు అక్షరాలు నేర్పింది ఎల్బియాయే. ఒకటో తరగతిలో ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎల్బియా కోటు అంచు పట్టుకుని గదంతా వెంట తిరిగేది. ఏటా పంతుళ్ల రోజుకు వాళ్ల పెరట్లోని పీచ్ చెట్టు కొమ్మ ఒకటి, పూలతో సహా, నూనె డబ్బాలో పెట్టి తెచ్చి ఎల్బియా బల్లమీద ఉంచేది. ఒక్క ఏడూ మానలేదు.

తెర వచ్చాక సంగతులు మారాయి. మంగళవారాలు పిల్లలు తల దువ్వుకుని వచ్చేవారు. బడి కోటు మీది నీలం రిబ్బను సరిగ్గా ముడివేసుకునేవారు. కెమెరాకు ఎదురుగా ఉండే బెంచీ కోసం తోసుకునేవారు. గురువారం ఎల్బియా ఇంగ్లీషు మాటలు పలికిస్తుంటే దయానా చెయ్యెత్తేది.

"అలా కాదు మాయెస్త్రా. నాలుక పళ్ల మధ్య పెట్టాలి. టీచర్ అలాగే అంటుంది."

ఎల్బియా నాలుక పళ్ల మధ్య పెట్టేది. పిల్లలు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఇంటికి వెళ్లాక అద్దం ముందు నిలబడి మళ్లీ మళ్లీ పలికి చూసుకునేది.

వైరు పోవడానికి ముందు రోజు, సోమవారం, గేటు దగ్గర దయానా తల్లి సుల్మా ఆమెను ఆపింది.

"ఆ టీచర్ పుణ్యమా అని మా పిల్లకి నోరొచ్చింది మాయెస్త్రా. గొర్రెలతో కూడా ఇంగ్లీషే! ఈసారి పీచ్ కొమ్మ కూడా ఆవిడకేనట. మీకు ఇంకేదైనా తెస్తుందిలెండి."

"దానిదేముంది" అంది ఎల్బియా.

మర్నాడు అందరికంటే ముందు బడికి వచ్చి పెట్టె తెరిచింది.

మంగళవారం మధ్యాహ్నం వంటమనిషి నిల్దా గుమ్మడికాయ తరుగుతూ ఉంటే ఎల్బియా వెళ్లి పక్కన కూర్చుంది. నిల్దా గొట్టంతో పీల్చే మాతే ఆకుల టీ కలిపి ఇచ్చింది. ఎల్బియా గొట్టం నోట్లో పెట్టుకుంది కానీ తాగలేదు.

"సవతి రాని రోజు కదా, సంతోషంగా ఉండాలే" అంది నిల్దా.

"ఏం సవతి?"

"నా దగ్గరా? ఆవిడ తెరమీదికి రాగానే నువ్వు వెళ్లి పొయ్యి దగ్గర చేతులు కట్టుకుని నిలబడతావు. కట్టెలకంటే ముందు నువ్వు మండుతుంటావు."

కిటికీలోంచి ఆటస్థలం కనిపిస్తోంది. పిల్లలు ముట్టుకునే ఆట ఆడుతున్నారు. దయానాను ఎవరూ పిలవలేదు. ఆ పిల్ల నీళ్ల పంపు దగ్గర నిలబడి ఉంది.

ఎల్బియా జేబులో చెయ్యి పెట్టి, మళ్లీ తీసేసింది.

బుధవారం పొద్దున్నే సుల్మా కూతుర్ని రెక్క పట్టుకుని తరగతిలోకి తీసుకొచ్చింది. పిల్ల కళ్లు వాచి ఉన్నాయి.

"మైకోల్ వాళ్లమ్మ చెప్పింది, వైరు ఇదే పోగొట్టిందట. రాత్రంతా అడిగాను, ఒప్పుకోదు. ఆ పని దీని చేతుల్లోంచి తీసేయండి మాయెస్త్రా. ఇంకెవరికైనా ఇవ్వండి."

"నేను పోగొట్టలేదు" అంది దయానా. ఎల్బియా దగ్గరికి వచ్చింది. "మాయెస్త్రా, నేను కాదని టీచర్‌కి చెప్తారా?"

"చెప్తాను."

"ఆవిడ నన్ను తప్పుగా అనుకుంటే ఎలా? ఇప్పుడే ఫోన్ చేయండి."

 నా మీద మీకు అనుమానం లేదు కదా అని ఆ పిల్ల తనను అడుగుతుందేమోనని ఎల్బియా చూసింది. దయానా అడగలేదు. ఆ పిల్ల కళ్లు ఎల్బియా ఫోన్ మీదే ఉన్నాయి.

"చూశారా, ఏడుపులో కూడా టీచరే!" అంది సుల్మా.

ఎల్బియా జేబులోంచి వైరు తీసి బల్లమీద పెట్టింది.

"దొరికిందా?" అంది సుల్మా.

"పోలేదు. నేనే తీశాను."



"ఎందుకు మాయెస్త్రా?" అన్నాడు మైకోల్.

"కుళ్లుతో."

"ఎవరిమీద?"

"ఆవిడ మీద."

మైకోల్ ఆర్పేసి ఉన్న తెర వంక చూశాడు. "టీవీ మీద కుళ్లా?"

చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు. "నోర్ముయ్" అంది సుల్మా. తర్వాత కూతురి రెక్క వదిలింది. వెనక్కి తిరిగి బయటికి వెళ్లిపోయింది.

దయానా నవ్వలేదు. చెయ్యి చాచింది. ఎల్బియా ఆ చేతిలో వైరు పెట్టింది. పిల్ల దాన్ని చుట్టి, పెట్టెలో పెట్టి, మూత వేసి తన చోట కూర్చుంది.

"బీరువా వెనక పడేసి, ఇదిగో దొరికింది అంటే సరిపోయేది కదా!" అంది నిల్దా మధ్యాహ్నం.

"అదీ అనుకున్నాను."

"మరి?"

ఎల్బియా పళ్లాలు అందుకుంది.

గురువారం ఎల్బియా ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసి పలికింది. నాలుక పళ్ల మధ్య పెట్టాల్సిన మాట మళ్లీ తప్పే పలికింది. ఆమెకే తెలిసింది. దయానా వైపు చూసింది. పిల్ల చెయ్యెత్తలేదు. ఎల్బియా ఇంకోసారి, ఇంకా తప్పుగా పలికింది. దయానా పుస్తకంలో గీతలు గీసుకుంటోంది. చివరికి మైకోల్ దిద్దాడు.

ఆ రోజు నుంచి దయానా ఆమెను మాయెస్త్రా అని పిలవలేదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పింది.

పంతుళ్ల రోజు ఆ ఏడు బుధవారం వచ్చింది. ఆ రోజు బడికి సెలవు కాబట్టి పిల్లలు పూలు ముందురోజు మంగళవారమే తెచ్చారు. ఎల్బియా బల్లమీద జాడీలు, సీసాలు, ఒక టీ కప్పు చేరాయి. మైకోల్ తెచ్చిన గుత్తిలో సగం ఆకులే.

దయానా ఆఖర్న వచ్చింది. నూనె డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. పీచ్ కొమ్మ ఆమె తలకంటే ఎత్తుగా ఉంది. ఎల్బియా బల్ల పక్కనుంచే నడిచి వెళ్లి, డబ్బాను తెర ముందు పెట్టింది. వైర్లు కలిపింది. ఎల్బియా పొయ్యి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

పది గంటలకు హిమేనా తెరమీదికి వచ్చింది.

"హలో పిల్లలూ! మిమ్మల్ని చూసి రెండు వారాలైంది. ఏమైందక్కడ, వైరు దొరికిందా?"

అందరూ దయానా వైపు చూశారు.

"దొరికింది టీచర్" అంది దయానా.

"హమ్మయ్య. ఇదేంటి, మీరెవరూ కనబడట్లేదు. ఏవో కొమ్మలు కనిపిస్తున్నాయి."

"అవి మీకే టీచర్. మా పెరట్లోవి."

"నాకా?" హిమేనా ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. "ఎంత బాగున్నాయి దయానా! వాసన వేస్తాయా?"

"కొంచెం."

"నాకు తెలిసే దారి లేదే!" హిమేనా నవ్వింది. "థాంక్యూ. ఇప్పుడు కాస్త పక్కకి తీస్తావా బంగారం? కెమెరాకి అడ్డొస్తున్నాయి. మిమ్మల్ని చూడకుండా పాఠమెలా చెప్పను?"

దయానా డబ్బాను ఎత్తింది. బెంచీల వైపు చూసింది. వాటి నిండా పుస్తకాలు, మోచేతులు ఉన్నాయి. కిటికీ గట్టు చూసింది. కిటికీ తెరిచి ఉంది, గాలికి తలుపు కొట్టుకుంటోంది. డబ్బాను గుండెకు ఆనించుకుని కాసేపు అలాగే నిలబడింది.

"కమాన్ దయానా" అంది హిమేనా.

దయానా వెళ్లి డబ్బాను ఎల్బియా బల్లమీద, మైకోల్ గుత్తి పక్కన పెట్టింది. ఎల్బియా వంక చూడలేదు. వెళ్లి తన చోట కూర్చుంది.

గదిలో ఇంకో బల్ల లేదు.