ఖాళీ మిషన్

బట్టలుతికే మిషన్ తిరుగుతున్నంతసేపు ఆ ఇంట్లో కోడల్ని ఎవరూ పిలవరు. ఈ సంగతి కనిపెట్టడానికి ఆమెకు పదకొండేళ్లు పట్టింది.

పొయ్యి దగ్గరుంటే ఉప్పు సరిచూడమని అత్తగారొస్తుంది. చీపురు పడితే ఆ మూల వదిలేశావని మొగుడు చూపిస్తాడు. రాసుకోవడానికి కాగితం పడితే వాళ్లకి మరీ సులువు, ఆమె ఖాళీగా ఉన్నట్టే. ఎలాగూ ఊరికే కూర్చున్నావు కదా అంటూ కళ్లజోడు మొదలుకుని గోళ్ల కత్తెర దాకా వెతికిస్తారు. వెతికిచ్చి వచ్చేసరికి సగంలో ఆగిన వాక్యం చల్లారిన అన్నంలా ఉంటుంది. మిషన్ చప్పుడుకు మాత్రం ఆ ఇంట్లో మర్యాద ఉంది.

అందుకని ఉతికే గదిలో నిలబడి, మిషన్ మూత మీద కాగితాలు పెట్టుకుని రాసేది. అక్షరాలు వణికేవి గానీ ఆలోచన వణికేది కాదు. ఒక్కసారి తిప్పితే నలభై నిమిషాలు. బట్టలన్నీ అయిపోయాక ఖాళీ మిషన్నే మళ్లీ తిప్పేది.

శనివారంలోగా కథ అందకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తానని పత్రిక సంపాదకుడు చెప్పేశాడు. గడువు పెంచడం అప్పటికే రెండుసార్లయింది. పోయినసారి కథ చదివి ఆయనే ఫోన్లో అన్నాడు, "అన్నీ పొట్టి వాక్యాలేంటమ్మా, వెనకాల ఎవరో తరుముతున్నట్టు." తరిమేవాళ్లు పక్కగదిలోనే ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం, చివరి పేజీలో ఉండగా, అత్తగారు తువ్వాలు పట్టుకొచ్చింది. ఇదొక్కటీ వేసెయ్యమంటూ కాగితాలు పక్కకు తోసి, మిషన్ ఆపి, మూతెత్తింది. లోపల గుడ్డపీలికైనా లేదు.

"ఏంటమ్మాయ్, నీళ్లని ఉతుకుతున్నావా?"

మొగుడూ వచ్చి తొంగిచూశాడు. కోప్పడలేదు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు కనీసం నలుగురి జాలైనా దక్కేది.

"రాసుకుంటానంటే ఎవరొద్దన్నారే? అదేమన్నా దొంగతనమా?" అన్నాడు. అదే ఊపులో, "సర్లే, ఎలాగూ ఆపేశావుగా, టీ పెట్టు" అన్నాడు.

నిజమే. పదకొండేళ్లలో ఒక్కరు కూడా, ఒక్కసారి కూడా, రాయొద్దనలేదు. వద్దని ఉంటే తిరగబడేది. వాళ్లు పిలిచారంతే. పిలిచినప్పుడల్లా తను లేచింది. ఆ రెండో సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

మిషన్ ప్లగ్గు పీకింది. కాగితాలు తీసుకుని ముందుగదిలోకి వెళ్లి, మొగుడు పేపరు చదువుకునే బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"టీ?" అన్నాడు మొగుడు.

"ఈ వాక్యం అయ్యాక."

ఒక్క వాక్యానికి ఎంతసేపు పడుతుందిలే అని అతను అక్కడే నిలబడ్డాడు. తువ్వాలు భుజాన వేసుకుని అత్తగారూ నిలబడింది.

దీపాలు వెలిగించే వేళైంది. ఆమె ఆ వాక్యానికి ఇంకా చుక్క పెట్టలేదు.