అరువు కల

చేపల గంప అడుగున తడిగోనె పరుస్తూ కూర్మమ్మ భర్త చెప్పే కల వింటోంది. సముద్రం ఇంట్లోకొచ్చి, గిన్నెలన్నీ కడిగి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయిందట.

హెచ్ఐవి మాత్రలు మొదలైన నాటినుండి ఇద్దరికీ ఇదొక పొద్దుటి ముచ్చట. రాత్రి ఎనిమిదికి మాత్ర; ఆ మందు గుణానికి నిద్రలో రంగురంగుల కలలు. కల వచ్చిందంటే గంగులు మాత్ర వేసుకున్నట్టేనని ఆమె నమ్మకం.

ఆమె చేతులు ఆగిపోయాయి.

“మావా, అది నా కల. పోయినేడు నీకు నానే సెప్పినాను.”

గంగులు అలలవైపు చూశాడు. “తాగిన్రోజు ఏసుకోనే. రెండూ కలిస్తే పేణం పోద్దని బయం.”

“అయితే తాగడం మానీ.”

“పడవోళ్లంతా తాగతంటే నానొక్కడినీ ఊరకుంటే, ‘ఏట్రా, రోగవా?’ అంటారే.”

“నర్సమ్మ ఏటి సెప్పినాది? తాగొద్దంది. తాగినా సరే, మాత్ర తప్పొద్దంది. తప్పితేనే పేణం పోద్ది!”

అతడు తలూపాడు.

ఆ పగలంతా అరసవల్లి వీధుల్లో ఆమె గంప దించుతూ, ఎత్తుకుంటూ తిరిగింది. ముప్ఫై ఏళ్లుగా ఆమె కేకకు తెరుచుకునే తలుపులే అవి. ఎండ గోడలమీద నీళ్లలా కదిలింది. ఇళ్లన్నీ తేలుతున్నట్టు తోచాయి.

“ఏటే కూర్మమ్మా, సచ్చింది సేపా, నీ గొంతా?” అని ఎప్పుడూ చేపలు కొనే ఈశ్వరి వేళాకోళమాడింది. కూర్మమ్మ నవ్వలేదు. ఈ రాత్రే గంగులు గుజరాత్‌లోని వెరావల్‌కు, చేపల పడవల పనికి పోతున్నాడు. ఎనిమిది నెలలు. అక్కడ వేళకు మాత్ర అందించేదెవరు?

ఇంటికొచ్చి, మాత్రకు పడదని నూనె తగలని చారన్నం వండింది. అతడు తింటుండగా ఎనిమిదైంది. ఇద్దరూ మాత్రలు నోట వేసుకున్నారు. గంగులు నీళ్లు తాగి, గట్టిగా గుటక వేశాడు.

“సూసినావు కదా!”

ఆమె కళ్లు తడిశాయి. మందుల సంచి సర్దడానికి అటు తిరిగింది.

బయట ఆటోలోంచి పడవమీద తోటి కళాసీ కొండబాబు కేక: “ఒరే గంగులూ, సీసా ఎదురుసూస్తన్నాది, రారా!”

చివరి ముద్ద వదిలేసి అతడు లేచాడు.

“రోజూ పోను సేసి కల సెప్పాల. నీదే సెప్పాల,” అంది.

“అలాగేనే.”

ఆటో వెనుక ఎర్రదీపం సరుగుతోటల్లో చుక్కయి, చుక్క చీకటైంది.

మొగుడు తిన్న కంచంలోనే తినడం ఆమెకు పెళ్లినాటి అలవాటు. కూర్చుని, అతడు వదిలిన ముద్దను వేళ్లతో విడదీసింది. మెతుకుల మధ్య, అంచు కరిగిన తెల్లని మాత్ర.