చెల్లెలు ఏరిన మాట

కోర్టు వీధిలో జిరాక్స్ షాపు పైగదిలో కూర్చుని నేను కాగితాలు తర్జుమా చేస్తుంటాను. మొన్న మధ్యాహ్నం ఒకావిడ ఉత్తరం పట్టుకుని వచ్చింది. టైలరు. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయింది.

"మా చెల్లి రాసిందండీ. ఇంగ్లిషు టీచరు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నెల క్రితం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. నాకు ఇంగ్లిషు రాదని తెలిసీ ఇలా రాసిందంటే ఏమనుకోవాలి?"

ఉన్నది ఒక్క వాక్యం. ఐ అబ్హార్ యూ.

"తీవ్రంగా అసహ్యించుకుంటున్నాను అని," అన్నాను నీళ్ళు నములుతూ.

ఆవిడ కళ్ళార్పలేదు. "అసహ్యానికి హేట్ అంటారు కదా, అది నాకూ తెలుసు. మరి దీన్నే ఎందుకు ఏరింది?"

లావుపాటి డిక్షనరీ తీశాను. లాటిన్ మాట. 'అబ్' అంటే దూరంగా. మిగతా ముక్కకి రోమాలు నిక్కబొడుచుకోవడం, వణకడం అని అర్థం. హారర్ సినిమాలోని హారర్ కూడా అక్కడిదే. అంటే మొదట్లో, ఒళ్ళు జలదరించి వెనక్కి జరగడమన్నమాట.

"నేనంటే భయమా? దానికా?" ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "జడలు వేసి పెంచానండీ. ఎప్పుడైనా రెండు దెబ్బలు వేశానంటే బాగుపడాలనే."

"ఇప్పటి వాడుకలో అసహ్యమేనండీ. మీ చెల్లెలు ఏది అనుకుని రాశారో ఆవిడే చెప్పాలి."

"అయితే అడగండి," అని నంబరు చెప్పింది. స్పీకర్ పెట్టి, నేనెవరో, పక్కన ఎవరున్నారో చెప్పి, అసహ్యమా, భయమా అని అడిగాను.

"నాకూ తేలలేదండీ," అంది చెల్లెలు. "ఆ మాటలో రెండూ ఉన్నాయి కదా అని అదే రాశాను."

"చిన్నీ!" అని అక్క పిలిచిందో లేదో, ఫోన్ కట్టయింది.

ఆవిడ టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. "అసహ్యం అనే టైపు చెయ్యండి," అంది. "అదైతే ఎలాగోలా దిగమింగుకుంటాను. రెండోది వద్దు."

వాడుక ప్రకారం అదే సరైన తర్జుమా. అయినా అబద్ధం రాస్తున్నట్టే అనిపించి, ఆ ఒక్క వాక్యం టైపు చెయ్యడంలోనే రెండు తప్పులు చేశాను.

నాలుగు రోజులకి చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్క ఇంటి తాళంచెవులు పంపించిందండీ, నేను వదిలేసి వచ్చినవీ, తనవీ కూడా. తను టైలరింగు షాపులోనే పడుకుంటోందట. కాగితం ముక్క లేదు. నన్ను రమ్మనా? నన్ను వదిలేసిందనా? మీకేమైనా అర్థమైందా?"

"రాసిందైతే చెప్పగలనండీ," అన్నాను.

ఆవిడా ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.